మీ పాటకు మూడు మెట్లు కట్టించండి

ఏన్కూరు,
ఖమ్మం జిల్లా.

తెలుగు సినిమా సంగీత దర్శకులందరికీ,



తల్లాడ నుంచి కొత్తగూడెం పోయే రోడ్డు మా ఏన్కూరు మీదుగా జూలూరుపాడు వైపు సాగుతుంది. రోడ్డుకు అటూ ఇటూ మిరప చేలు, పత్తి చేలు. ఇంకా ముందుకు పోతే భద్రాచలం దాకా అడవి గాలే. ఈ ఊళ్ళో ఒక అద్దె గదిలో సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది దాకా పిల్లలకు కీబోర్డు నేర్పుతాను. నా దగ్గర పియానో లేదు. 61 మెట్ల కీబోర్డులు రెండు, 32 మెట్ల చిన్న కాసియో ఒకటి ఉన్నాయి. కరెంటు పోతే బ్యాటరీలు వేసుకుంటాం.

గదిలోకి వచ్చిన ప్రతి పిల్లా, పిల్లాడూ మొదటిరోజే అడిగే మాట ఒకటుంది. "సార్, నాకు ఆ పాట ఎప్పుడు వస్తది?" ఆ పాట మీలో ఎవరో ఒకరు కట్టిందే. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మీ పాట విడుదలైనప్పుడు, నేర్చుకునే పిల్లల కోసం దాన్ని మూడు స్థాయిల్లో తేలిక చేసి, స్వరాలు రాసి, మీ పేరుతో మీరే బయటికి ఇవ్వండి. తెలుగులో మెట్టు అంటే పాట వరస. హార్మోనియం మీద వేలు పెట్టేదీ మెట్టే, ఎక్కడానికి కాలు మోపేదీ మెట్టే. మీరు మొదటి మెట్టు కట్టి ఇచ్చారు. మా పిల్లల వేళ్ళ కింద రెండో మెట్టు ఉంది. ఈ రెండింటి మధ్య ఎక్కి రావడానికి మూడోది లేదు.

ఇది ఎంత అవసరమో నాకు తెలిసింది నా తప్పు వల్లే. కొన్నేళ్ళ కిందట ఏడో తరగతి పిల్లవాడొకడు బడి వార్షికోత్సవానికి ఒక హుషారైన సినిమా పాట వాయిస్తానన్నాడు. వాడి ఉత్సాహం చూసి నేనూ మురిసిపోయాను. ఎక్కడో దొరికిన నోట్సు తెచ్చి రెండు చేతులకూ ఇచ్చేశాను. కుడిచేతికి పాటలో ఉన్న అక్షరాలన్నీ, ఎడమచేతికి రికార్డులో ఉన్న దరువంతా. గదిలో ఎలాగో లాక్కొచ్చాడు. స్టేజీ ఎక్కాక పల్లవి మూడో వరసలో ఎడమచెయ్యి వెనకబడింది, కుడిచెయ్యి దానికోసం ఆగింది, రెండూ నిలిచిపోయాయి. వాడు చేతులు రెండూ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎవరూ నవ్వలేదు, చప్పట్లు కూడా కొట్టారు. అయినా మర్నాటి నుంచి వాడు క్లాసుకు రాలేదు.

మిరప కోతలప్పుడు వాళ్ళ కల్లం దగ్గర కనబడ్డాడు. పరదా మీద ఆరబోసిన కాయలు తిరగేస్తున్నాడు. ఆ రాత్రి కూర్చుని అదే పాటను ఒక్క పేజీలోకి దించాను. కుడిచెయ్యి ఒక్కటే, పల్లవి ఒక్కటే, నడక సగం. ప్రతి స్వరం మీదా ఏ వేలో అంకె వేశాను. మర్నాడు తీసుకెళ్ళి ఇస్తే చేతుల కారం లుంగీకి తుడుచుకుని కాగితం అందుకున్నాడు. చదువుతూ చదువుతూ ట్రాక్టరు తొట్టి అంచు మీద ఐదు వేళ్ళూ ఆడించాడు. పల్లవి చివరిదాకా ఆగలేదు. తర్వాతి వారం క్లాసుకు వచ్చాడు.

అప్పటి నుంచి నాకు పాట ఎంపికే పాఠంలో సగం. పిల్లల చేతికి ఇచ్చే ముందు నేను ఏమేం చూస్తానో చెబుతాను. మీరు నేను అడిగిన కాగితాలు రాయించేటప్పుడు పనికొస్తుందని ఈ వివరం.

మొదట చూసేది పల్లవి ఎన్ని స్వరాల మధ్య తిరుగుతుందన్నది. స మీద బొటనవేలు పెడితే ప మీదికి చిటికెనవేలు వస్తుంది. పాట ఆ ఐదు మెట్లలో ఇమిడితే తొమ్మిదేళ్ళ పిల్లకు వారంలో వస్తుంది. చెయ్యి ఒక్కసారి జరపాల్సి వచ్చినా ఫరవాలేదు, ఎక్కడ జరపాలో కాగితం మీద ఉంటే చాలు. గొంతుకు కింది స్థాయి నుంచి పై స్థాయికి ఎగరడం ఒక్క ఊపిరి పని. చిన్న చేతికి అది పెద్ద దూకుడు.

రెండోది పాట ఎత్తుగడ. తాళం మీద పడి మొదలయ్యే పాట పిల్లలకు సుఖం. దెబ్బ దాటాక అనాగతంలో ఎత్తుకునే పాటలు వినడానికి ఎంతో బాగుంటాయి. కొత్తగా నేర్చుకునే పిల్ల మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ప్రతిసారీ నా మొహం చూస్తుంది. అలాంటి పాటను చప్పట్లతో పాడించి, తాళం ఒంటబట్టాక కీబోర్డు దగ్గరికి తీసుకుపోతాను.

మూడోది అక్షరాల జోరు. హుషారు పాటల్లో గాయకుడు ఒకే స్వరం మీద పది అక్షరాలు గబగబా అనేస్తాడు. నాలుకకు అది తేలిక. ఒకే మెట్టును ఒకే వేలితో పదిసార్లు అంత వేగంగా కొట్టమంటే మణికట్టు బిగుసుకుపోతుంది. అక్కడ పదింటిని నాలుగు చెయ్యాలి. ఏ నాలుగు ఉంచాలన్నదే అసలు విద్య. తాళం దెబ్బ మీద పడేవీ, మాట విరిగే చోట ఉండేవీ ఉంచితే పాట బతుకుతుంది. లెక్కప్రకారం సమంగా కత్తిరిస్తే అమ్మకు కూడా అది ఏ పాటో తెలియదు.

నాలుగోది గమకం. హార్మోనియం స్వరానికీ స్వరానికీ మధ్య జారలేదనే అభ్యంతరంతో ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని పక్కన పెట్టింది. కీబోర్డుదీ అదే జాతి. గమకం మీదే నిలబడ్డ పాటను మెట్ల మీద కొడితే ఎముకలు మాత్రమే మిగులుతాయి. అందుకే స్వరాలు తిన్నగా నిలబడే పాటలు ముందు ఇస్తాను. లాగి పాడే పాటలు వాయించే ముందు నోటితో పాడిస్తాను.

ఐదోది మాట. మెట్టు ఎంత తేలికైనా, ఎనిమిదేళ్ళ పిల్ల ఇంట్లో నాయనమ్మ ముందు పాడుకుంటూ వాయించలేని పాట నా గదిలోకి రాదు. వేళ్ళు ఆడుతుంటే పెదవులూ ఆడతాయి, దాన్ని ఎవరూ ఆపలేరు.

ఇక ఎడమచెయ్యి. పిల్లల పాటలు ఎక్కువగా చెడేది ఇక్కడే. దొరికే నోట్సుల్లో చాలావాటిలో ప్రతి వరసకూ మూడు స్వరాలు కలిపి నొక్కే కార్డు ఒకటి తగిలించి ఉంటుంది. నేను మొదట్లో స-ప రెండే పట్టిస్తాను, తంబురా మాదిరిగా. దాని మీద పిల్ల కుడిచేత్తో ఏ పాట వాయించినా ఒక నిండుతనం వస్తుంది. అయితే హిందోళంలో కట్టిన పాట వస్తే ఆ ప పనికిరాదు. హిందోళంలో రిషభం, పంచమం లేవు. అక్కడ స-మ పట్టించాలి. ఈ చిన్న సంగతి తెలియని నోట్సు వల్ల మంచి పాట కటువుగా వినిపిస్తుంది. తప్పు తన వేళ్ళదే అనుకుని పిల్ల బాధపడుతుంది. పాట కట్టినవారి చూపు పడ్డ కాగితంలో ఇలాంటి పొరపాటు దొర్లదు. మిమ్మల్నే అడగడానికి ఇదొక కారణం.

మా గదిలో జరిగే ఒక ఆట గురించి చెప్పాలి. కొత్తగా వచ్చిన పిల్లకు తెల్ల మెట్లు ముట్టుకోవద్దని చెప్పి, నల్ల మెట్లు ఐదింటి మీదే వేళ్ళు పెట్టిస్తాను. హార్మోనియం లెక్కలో చెబితే ఒకటిన్నర, రెండున్నర లాంటి అర శ్రుతులన్నీ నల్ల మెట్లే. నాలుగున్నర మీద స పెట్టుకుని ఆ ఐదే వాయిస్తే మోహనం. అవే మెట్లు, స మాత్రం ఐదున్నరకు జరిపితే మధ్యమావతి. ఆరున్నర నుంచి హిందోళం, ఒకటిన్నర నుంచి శుద్ధ సావేరి, రెండున్నర నుంచి శుద్ధ ధన్యాసి. ఐదు మెట్లలో ఐదు రాగాలు, తప్పు స్వరం పడే వీలే లేదు. మొదటిరోజే పిల్ల చేతి కింద రాగం పలుకుతుంది. 1957లో వచ్చిన 'మాయాబజార్'లోని వెన్నెల పడవ పాట మోహనంలో ఉంది. ఆ పాట తెలిసిన తాతలు మా గది గుమ్మం దగ్గర నిలబడి, మనవరాలు నల్ల మెట్ల మీద దాన్ని వెతుక్కుంటుంటే తామే పాడి అందిస్తారు. ఒక్క పాట ఇంట్లో మూడు తరాలను ఇలా ఒకచోట కూర్చోబెట్టడం నేను చాలాసార్లు చూశాను.

పిల్లలకు శాస్త్రీయమే ముందు నేర్పాలనీ, సినిమా పాటతో వేళ్ళు చెడతాయనీ నాకు చెప్పిన పెద్దలున్నారు. వాళ్ళ మీద నాకు గౌరవం ఉంది. సరళీ వరసలు నేనూ చెబుతాను. మాయామాళవగౌళలో స పక్కనే, ప పక్కనే నల్ల మెట్లు తగలడం వేళ్ళకు ఎంత మంచి వ్యాయామమో నాకు తెలుసు. కానీ పురందరదాసు వేసిన ఆ దారిలో గొప్పతనం ఎక్కడుంది? సరళి, జంట, అలంకారం, గీతం అంటూ ఒక్కొక్క మెట్టే ఎక్కించడంలో ఉంది. ముత్తుస్వామి దీక్షితులంతటివారు ఇంగ్లీషు బ్యాండు వాయించే వరసలు తీసుకుని, వాటికి సంస్కృత సాహిత్యం కూర్చి నోట్టుస్వరాలు చేశారు. ఇంగ్లండు రాజుగారి స్తుతిగీతం వరస కూడా వాటిలో ఉంది. గమకాల బరువు లేని ఆ చిన్న కీర్తనలు ఈనాటికీ పిల్లలకు నేర్పుతున్నారు. చుట్టూ వినిపించే వరసను పిల్లల నోటికి అందేలా మలచడం చిన్నతనం అని ఆయన అనుకోలేదు.

హంగరీలో స్వరకర్త బేలా బార్టోక్ కూడా అంతే, పల్లెపల్లె తిరిగి జానపదుల పాటలు ఫోనోగ్రాఫు మీద పట్టి తెచ్చాడు. 1908, 1909 సంవత్సరాల్లో వాటిని పియానో నేర్చుకునే పిల్లల కోసం 85 చిన్న చిన్న ముక్కలుగా మలిచాడు. పిల్లల చేతులు చిన్నవని ఒక స్థాయి మొత్తం చాచి పట్టే చోట్లే లేకుండా రాశాడు. తర్వాత 1926 నుంచి 1939 దాకా 'మైక్రోకాస్మోస్' పేరుతో 153 పాఠాలు ఆరు భాగాలుగా కూర్చాడు. మొదటి పాఠం కొత్తగా కూర్చున్న పిల్లకు, చివరి పాఠాలు కచేరీ చేసేవారికి. ప్రపంచం పెద్ద స్వరకర్తగా ఎంచిన మనిషి పిల్లల పాఠాలకు అన్నేళ్ళు ఇచ్చాడు.

ఇంగ్లీషు పాప్ పాటలకు ఈ సదుపాయం ఎప్పటినుంచో ఉంది. అమెరికాలో హాల్ లెనర్డ్ వంటి సంస్థలు ఒకే పాటను ఐదు వేళ్ళ స్థాయిలో, పెద్ద స్వర గుర్తుల స్థాయిలో, తేలిక పియానో స్థాయిలో విడివిడిగా అచ్చు వేస్తాయి. లండన్ ట్రినిటీ వారి రాక్ అండ్ పాప్ పరీక్షలకు పాప్ పాటలనే ప్రారంభ స్థాయి నుంచి ఎనిమిదో గ్రేడు దాకా సర్ది ఇచ్చారు. ఆ పుస్తకాలు తెప్పించి చూశాను. పని చాలా బాగుంది. కాని ఆ పాటలు మా పిల్లలు విన్నవి కావు. తెలియని పాటలో తప్పు వాయిస్తే పిల్లకు తప్పని తెలియదు. తెలిసిన పాటైతే నేను నోరు తెరవకముందే తనే ఆగి, తనే దిద్దుకుంటుంది. తేలిక చేసిన సినిమా పాటకున్న బలం ఇదే. గురువు పక్కన లేనప్పుడు ఆ పాటే గురువు.

మరి తెలుగులో ఏముంది? ఫోనులో రంగు గీతలు పైనుంచి జారిపడే వీడియోలున్నాయి. వాటిని చూసి పిల్లలు మెట్లు గుర్తుపెట్టుకుంటారు, చదవడం నేర్చుకోరు. ఇంగ్లీషు అక్షరాలు వరసగా రాసిన కాగితాలున్నాయి. వాటిలో తాళం ఉండదు, వేలి గుర్తు ఉండదు, పై స్థాయో కింది స్థాయో తెలియదు. చివరికి నాలాంటి మాస్టర్లం రాత్రిపూట పాట పదిసార్లు విని లాంగ్ నోట్‌బుక్కులో రాసుకుంటున్నాం. ప్రతి ఊళ్ళో ప్రతి మాస్టారూ అదే పాటను విడివిడిగా, తలోరకంగా రాస్తున్నాడు. పాఠం చెప్పే సందర్భంలో గురువు, శిష్యుడు రాసుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం వీలిచ్చింది. పుస్తకం వేసి పదిమందికీ అమ్మాలంటే హక్కులున్నవారి అనుమతి కావాలి. ఆ పని చేయగలిగింది మీరూ, మీ పాటలు విడుదల చేసే ఆడియో కంపెనీలూ.

తెలుగు లిపిలో స్వరాలు అచ్చు వేయడం మనకు కొత్త కాదు. సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలోనే వెలువడింది. గమకాలకు కూడా గుర్తులు పెట్టి అచ్చు వేశారు. అంతకుముందే 1893లో చిన్నస్వామి ముదలియార్ మద్రాసులో మన కీర్తనలను ఐదు గీతల పాశ్చాత్య పద్ధతిలో ప్రచురించారు. సీసపు అచ్చుల కాలంలో రెండు పద్ధతుల్లోనూ జరిగిన పని ఇది. ఈ రోజు మీ ప్రోగ్రామరు కంప్యూటరులో మీ పాటలోని స్వరాలు ముందే ఉన్నాయి. వాటిని కాగితం మీదికి తెచ్చే సాఫ్ట్‌వేరూ ఉంది. కావలసింది పిల్లల చేతుల గురించి తెలిసిన ఒక టీచరు, ఆ టీచరు రాసింది చూసి మీరు పెట్టే సంతకం.

నా మనసులో ఉన్న మూడు మెట్లు ఇవి. మొదటి కాగితంలో కుడిచెయ్యి మాత్రమే, పల్లవి మాత్రమే, వీలైతే ఐదు వేళ్ళలో. పైన తెలుగు స్వరాలు, వేలి అంకెలు, కింద పాట అక్షరాలు. రెండో కాగితంలో పల్లవి, ఒక చరణం, ఎడమచేతికి శ్రుతి స్వరాలు రెండు. దీంట్లో తెలుగు స్వరాల పక్కనే ఐదు గీతల పద్ధతీ ఉండాలి, పిల్ల ఒకదాని సాయంతో రెండోది చదవడం నేర్చుకుంటుంది. మూడో కాగితంలో కార్డ్స్, మధ్యలో వచ్చే వాద్యాల బిట్, పాట అసలు శ్రుతి. బిట్ మరిచిపోకండి. పిల్లలు చాలాసార్లు పాట పేరు చెప్పరు, బిట్ నోటితో వాయించి "అది కావాలి సార్" అంటారు. మొదటి రెండు కాగితాలు తెల్ల మెట్ల శ్రుతిలో ఉన్నా ఇబ్బంది లేదు. శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి, సినిమా రికార్డుతో పాటే వాయించి పిల్లలు ఎగిరి గంతేస్తారు.

మీ అందరికీ చిన్ననాడు ఎవరో ఒకరు మెట్టు వేసి ఎక్కించి ఉంటారు. దేవిశ్రీ ప్రసాద్ గారు మాండలిన్ శ్రీనివాస్ గారి దగ్గర నేర్చుకున్నారు. 'నాటు నాటు' పాటకు 2023 మార్చిలో ఆస్కార్ అందుకుంటూ కీరవాణి గారు కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని చెప్పుకున్నారు. ఆ మాట విని రిచర్డ్ కార్పెంటర్ తన ఇంట్లో పియానో ముందు కూర్చుని కుటుంబంతో కలిసి పాటతోనే అభినందనలు పంపారు. చిన్నప్పుడు విన్న పాట మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో అంతకంటే నిదర్శనం అక్కర్లేదు. వినడంతోనే అంత దూరం పోగలిగితే, ఆ వయసులోనే పాట చేతికి కూడా అందితే ఎంత బాగుంటుంది!

మా ప్రాంతం పాటకు పేదది కాదు. రామదాసు పుట్టిన నేలకొండపల్లి మా జిల్లాలోదే. రామాలయం భజనలో హార్మోనియం మోగుతుంది. నా పిల్లల్లో చాలామంది కీబోర్డు మొదట చూసింది చర్చిలో, ఆదివారం ఆరాధనలో. అడవి వైపు కోయ గూడేల్లో రేల పాటలున్నాయి. మణుగూరు వైపు కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. బార్టోక్ చేసినట్టు ఆ వరసలను కూడా, పాడేవాళ్ళ సమ్మతితో, వాళ్ళ పేరు పెట్టి, పిల్లల చేతికి అందేలా రాయాలని నా కోరిక. ఆ పని మా వంతు. మీ పాటల పని మాత్రం మీరు మొదలుపెట్టాలి, పిల్లలు గుమ్మంలోకి వచ్చేది మీ పాట కోసమే కాబట్టి.

తేలిక చేస్తే పాట విలువ తగ్గుతుందని సంకోచించకండి. తగ్గేది బరువు ఒక్కటే. పాటను గుర్తుపట్టే చోటు ఏదో మీకు తెలుసు. దాన్ని ఉంచి మిగతాది విప్పండి. ఏటా ఒక్క పాటతో మొదలుపెట్టండి. మూడు కాగితాలు ఎవరైనా దించుకునేలా మీ పేరుతో ఉంచండి. అచ్చు ఖర్చు భారమైతే పుస్తకమే వద్దు. ఏన్కూరులో జిరాక్స్ షాపుంది, మిగతాది మేం చూసుకుంటాం.

ఇట్లు,
మీ పాటలను పిల్లల వేళ్ళకు నేర్పే
ఒక కీబోర్డు మాస్టారు,
ఏన్కూరు.